నీటిబొట్టుకి అడ్డు రావద్దు



ఇవాళ మీతో గుహల గురించి మాట్లాడతాను. సున్నపురాతి గుహల గురించి.

మనది కృష్ణా డెల్టా. మా పామర్రులో నేల ఎంత తవ్వినా నల్లమట్టి, దాని కింద ఒండ్రు, ఇసక. బండ తగలదు. కొండ చూడాలంటే బెజవాడ దాకా పోవాలి. అక్కడైనా ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు మనుషులు ఉలి పట్టుకుని తొలిచినవి. నేను చెప్పబోయేవి అవి కావు. మనిషి చెయ్యి పడకుండా నీళ్లే తొలిచిన గుహల గురించి చెప్తాను.

గుహలే లేని డెల్టాలో ఉన్నవాళ్లకి ఆ సంగతి ఎందుకు అంటారేమో. ఒకసారి మీ వసారాలోకి చూడండి. నాపరాళ్లు పరిచి ఉంటాయి. బేతంచెర్ల బండలో, తాడిపత్రి బండలో, కడప రాళ్లో. అదంతా సున్నపురాయే. పెళ్లికీ పండక్కీ గోడలకి వేసే సున్నం పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చినది. మన ఇళ్ల పిల్లర్లలో ఉన్న సిమెంటుకీ ముడిసరుకు ఆ రాయే. పల్నాడు నుంచి, నంద్యాల నుంచి, కడప నుంచి ఆ రాయి లారీల మీద మన ఊళ్లకి వస్తోంది. ఆ రాయి పుట్టిన చోటే, ఆ రాతి పొరల్లోనే ఈ గుహలు ఉన్నాయి. కాబట్టి మనకి వాటితో ఎప్పటినుంచో సంబంధం ఉంది. అది తెలుసుకుని మెలగాలన్నదే నా మాట.

ముందు గుహ ఎలా పుడుతుందో చెప్తాను. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

వాన కురుస్తుంది. ఆ నీరు మట్టిలోంచి దిగేటప్పుడు మట్టిలో ఉన్న బొగ్గుపులుసు గాలిని తనలో కలుపుకుంటుంది. సోడాలో ఉండే గాలే అది. దాంతో నీటికి కొద్దిగా పులుపు వస్తుంది. మన నాలుకకి తెలియనంత పులుపు. రాయికి మాత్రం తెలుస్తుంది. సున్నపురాతి పగుళ్లలోకి దిగిన ఆ నీరు రాతిని కొంచెం కొంచెం కరిగిస్తుంది. వేలు, లక్షల ఏళ్లు కరిగిస్తే పగులు సందవుతుంది. సందు సొరంగమవుతుంది. సొరంగం మండపమంత అవుతుంది.

ఇది సగం కథ. మిగతా సగం మీ వంటింట్లో ఉంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, చూశారా? వేన్నీళ్ల కోసం బకెట్లో పెట్టే హీటర్ చుట్టకి కూడా తెల్లగా పెచ్చు కడుతుంది. గోకితే రాలుతుంది. అది సున్నమే. నీటిలో కరిగి, కంటికి కనపడకుండా ఉన్న సున్నం. నీళ్లు కాగేసరికి అందులోని గాలి పోయింది. గాలి పోయేసరికి సున్నాన్ని పట్టి ఉంచే శక్తి నీటికి పోయింది. సున్నం గిన్నెకి అంటుకుంది.

గుహలో జరిగేదీ అదే. అక్కడ పొయ్యి లేదు, అంతే తేడా. పైకప్పు నుంచి బొట్టు వేలాడుతుంది. వేలాడుతూ ఉండగానే దానిలోని గాలి గుహ గాలిలోకి పోతుంది. పిసరంత సున్నం కప్పుకి అంటుకుంటుంది. బొట్టు రాలుతుంది. కింద పడ్డచోట ఇంకో పిసరు పేరుకుంటుంది. మళ్లీ బొట్టు. మళ్లీ పిసరు. పైనుంచి మర్రి ఊడల్లాంటి రాతి ఊడలు దిగుతాయి. కిందనుంచి శివలింగాల్లాగా రాయి లేస్తుంది. ఎన్నో ఏళ్లకి రెండూ కలిసి స్తంభమవుతాయి.

ఇది ఎంత నెమ్మదో చెప్తాను. చాలా గుహల్లో రాతి ఊడ ఏడాదికి పెరిగేది ఒక మిల్లీమీటరులో పదో వంతు. శ్రీకృష్ణదేవరాయలు 1509లో పట్టానికి వచ్చాడు. ఆ ఏడు మొదలైన ఊడ ఇవాళ్టికి దాదాపు అయిదు సెంటీమీటర్లు పెరిగి ఉంటుంది. నా చూపుడువేలు అంత కూడా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఊడని మనం చేత్తో పట్టుకుంటాం. ముచ్చటగా ఉంటుంది కదా, పట్టుకుంటాం. మన చేతికి చెమట ఉంటుంది, జిడ్డు ఉంటుంది. ఆ జిడ్డు తడిరాతికి అంటుతుంది. జిడ్డు అంటినచోట నీళ్లు సరిగా పారవు. సున్నం అంటుకోదు. దుమ్ము మాత్రం అంటుకుంటుంది. కొన్నాళ్లకి ఆ రాయి నల్లబడుతుంది. పెరగడం మానేస్తుంది. అయిదు వందల ఏళ్ల పని ఆగడానికి ఒక్క చెయ్యి చాలు. రోజూ వందల చేతులు పడితే ఏమవుతుందో మీరే ఊహించండి.

అందుకే ఒక్క మాట పట్టుకోమంటున్నాను. నీటిబొట్టుకి అడ్డు రావద్దు. గుహని కట్టింది ఆ బొట్టే. ఇప్పటికీ కడుతున్నదీ ఆ బొట్టే. దాని దారికి మనం అడ్డు రాకపోతే చాలు. ఈ ఒక్క మాటతో ఇప్పుడు మన రాష్ట్రంలో గుహలు చూద్దాం.

మొదట బెలుం. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉంది. పెద్ద కొండ ఏమీ ఉండదు. చదునైన చేల మధ్య బావుల్లాంటి గుంటలు ఉంటాయి. ఆ గుంటలోంచే లోపలికి దారి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లో దీని గురించి రాశాడు. మద్రాసు దగ్గర పల్లావరంలో 1863లో రాతియుగపు గొడ్డలిని గుర్తించినవాడే ఆయన. ఆ తర్వాత దాదాపు నూరేళ్లు బెలుంని పట్టించుకున్నవాళ్లు తక్కువ. చుట్టుపక్కల చెత్త తెచ్చి ఆ గుంటల్లో పోసేవాళ్లు.

1982, 1983లో డానియల్ గెబౌర్ అనే జర్మన్ గుహాన్వేషకుడు తన బృందంతో వచ్చాడు. వాళ్లు చేసిన పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. వాళ్లు గుహని చూసి పోలేదు. కొలిచారు. గుహని కొలవడమంటే ఏమిటో చెప్తాను, వినండి. భూమి కింద ఉపగ్రహ సంకేతాలు అందవు. ఇవాళ్టి సెల్‌ఫోన్ కూడా అక్కడ దారి చూపించలేదు. ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. టేపు, దిక్సూచి, వాలు కొలిచే పరికరం, నోటు పుస్తకం, పెన్సిలు కావాలి. ఒకరు టేపు మొన పట్టుకుని ముందుకు పాకుతారు. మలుపు దగ్గర ఆగుతారు. వెనక ఉన్నవాళ్లు దూరం చదువుతారు. దిక్కు చదువుతారు. ఎంత వాలుగా దిగిందో చదువుతారు. ఒకరు రాసుకుంటారు. గోడ ఎంత దూరం, కప్పు ఎంత ఎత్తు, అదీ గీస్తారు. మళ్లీ ముందుకి. ఉక్కపోతలో, బురదలో, కొన్నిచోట్ల పొట్ట మీద పాకుతూ, ఇలా మలుపు మలుపుకీ చెయ్యాలి. బయటికి వచ్చాక ఆ అంకెలన్నీ కాగితం మీద పెడితే గుహ పటం వస్తుంది.

అలా లెక్క తేలిన బెలుం పొడవు 3,229 మీటర్లు. మూడు కిలోమీటర్ల పైమాటే. మేఘాలయలో ఇంతకంటే పొడవైనవి ఉన్నాయి. కానీ మైదానంలో ఉన్న గుహల్లో మన దేశంలో దీన్నే పెద్దదిగా చెప్తారు. లోపల చాలా లోతైన చోటు పాతాళగంగ. నేలమట్టం నుంచి 46 మీటర్ల కింద ఉంటుంది. అక్కడ చిన్న వాగు పారుతూ రాతిలోకి మాయమవుతుంది. ఆ నీళ్లు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బెలుం ఊరి బావికి పోతాయని అక్కడివాళ్ల నమ్మకం.

ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సున్నపురాతి నేలల్లో ఇలాంటి సంగతులు నిజమైన చోట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. శాస్త్రవేత్తలు హాని చెయ్యని రంగు ఒకటి గుహ నీటిలో కలుపుతారు. ఏ ఊటలో, ఏ బావిలో ఆ రంగు తేలుతుందో చూస్తారు. కొన్ని కిలోమీటర్ల దూరంలో తేలుతుంది. మన డెల్టాలో నీరు ఇసకలోంచి, మట్టిలోంచి వడకట్టుకుంటూ నెమ్మదిగా దిగుతుంది. సున్నపురాతిలో అలా కాదు. పగులు దొరికితే నేరుగా దిగిపోతుంది. వడపోత ఉండదు. పైన గుంటలో పోసిన చెత్త, చచ్చిన పశువు, పురుగుమందు డబ్బా, వీటి మురికంతా కింద ఎవరో తాగే నీటిలో తేలుతుంది. కాబట్టి గుహని కాపాడటం అంటే గుహ లోపలని కాపాడితే సరిపోదు. పైనున్న నేలనీ కాపాడాలి. బొట్టు బయల్దేరేది అక్కడే కదా.

బెలుంని ఆ చెత్తలోంచి బయటికి తీసినవాళ్లలో స్థానికుల పాత్ర పెద్దది. పట్టువదలకుండా ప్రభుత్వం చుట్టూ తిరిగారు. 1980ల్లో ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రాంతం చేసింది. తర్వాత పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి వచ్చింది. బురద తీశారు, మెట్లు కట్టారు, దీపాలు పెట్టారు. 2002 ఫిబ్రవరి నుంచి జనం చూస్తున్నారు. సగం కంటే తక్కువ మేరకే మనల్ని పోనిస్తారు. ఇంకా లోపలికి పోనివ్వలేదని కొంతమంది కోప్పడతారు. కోప్పడకండి. ఆ మూసి ఉంచిన సగమే గుహకి ఊపిరి.

ఊపిరి అంటే గుర్తొచ్చింది. ఫ్రాన్స్‌లో లాస్కో అనే సున్నపురాతి గుహ ఉంది. గోడల మీద దాదాపు 17,000 ఏళ్ల నాటి బొమ్మలు ఉన్నాయి. ఎద్దులు, గుర్రాలు, దుప్పులు. 1940లో కుర్రాళ్లు కనిపెట్టారు. 1948లో జనానికి తెరిచారు. రోజుకి వెయ్యిమందికి పైగా వచ్చేవారు. ఎవరూ గోడలు గీకలేదు. ఊపిరి పీల్చి వదిలారు, అంతే. ఆ ఊపిరిలో తడి, వేడి, బొగ్గుపులుసు గాలి. గోడల మీద పచ్చటి నాచు పట్టింది. తెల్లటి పొర కట్టింది. 1963లో గుహని మూసేశారు. తర్వాత పక్కనే అచ్చం అలాంటి నకలు గుహ కట్టి 1983 నుంచి దాన్ని చూపిస్తున్నారు. అసలు గుహ ఇప్పటికీ జనానికి మూసే ఉంది.

దీపాలదీ ఇదే కథ. చీకటి గుహలో రంగుదీపం పెడితే మనకి అందంగా ఉంటుంది. ఆ వెలుగు పడ్డచోటల్లా నాచు మొలుస్తుంది. నాచు రాతిని తింటుంది. కాబట్టి మనం ముందుకి నడిచాక వెనక దీపాలు ఆరిపోయేలా ఏర్పాటు ఉండాలి. మన దగ్గర గుహలు నడిపేవాళ్లు దీన్ని ఖర్చు అనుకోకుండా చెయ్యాలని నా మనవి.

ఇక బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి. వీటి సంగతి చాలామందికి తెలియదు. అందం చూస్తే బెలుంతో సాటిరావు. కానీ వాటి నేల విలువ కట్టలేనిది. బ్రూస్ ఫుట్, సైన్యంలో పనిచేసే ఆయన కొడుకు హెన్రీ 1884, 1885లో అక్కడ తవ్వారు. మట్టి పొరల్లో ఎన్నో జంతువుల ఎముకలు దొరికాయి. తర్వాత మళ్లీ శాస్త్రవేత్తలు అక్కడ పనిచేసి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. గత రెండు లక్షల ఏళ్లలో అక్కడ తిరిగిన 21 రకాల పాలిచ్చే జంతువుల్ని గుర్తించారు. అందులో 20 రకాలు ఇప్పటికీ మన ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయి. మిగతా ఖండాల్లో ఆ కాలంలో పెద్ద జంతువులు ఎన్నో అంతరించాయి. మన దగ్గర చాలావరకు బతికాయి. ఎంత పెద్ద సంగతి! ఇది తెలియడానికి కారణం ఆ మట్టి పొరలు వరస తప్పకుండా ఉండటం.

గుప్తనిధుల కోసమని గునపం పట్టుకుని రాత్రిపూట గుహల్లోకి దూరేవాళ్లు ఉన్నారు. వాళ్లకి బంగారం దొరకదు. పోయేది మాత్రం ఆ వరస. ఏ ఎముక ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని వయసు తెలుస్తుంది. ఒకసారి కలిపేసిన మట్టిని మళ్లీ విడదియ్యడం ఎవరి తరమూ కాదు. పిల్లలు సరదాగా ఒక ఎముక జేబులో వేసుకున్నా నష్టం అదే.

ఉత్తరాన అరకు దారిలో బొర్రా గుహలు మీలో చాలామంది చూసే ఉంటారు. రైల్లో వెళ్లి ఉంటారు. గోస్తనీ నది అక్కడ పుడుతుంది. ఆ నీళ్లే తాటిపూడి జలాశయానికి వచ్చి విశాఖపట్నానికి తాగునీరవుతాయి. ఆ బొర్రా చుట్టుపక్కల అడవిలో కాల్సైట్ ఖనిజం కోసం గనుల లీజులు ఇచ్చారు. అది గిరిజనుల ప్రాంతం. సమత అనే స్వచ్ఛంద సంస్థ గిరిజనుల పక్షాన కోర్టుకి వెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. దేశమంతా దాన్ని సమత తీర్పు అంటారు. ఆ తీర్పు గిరిజనుల భూమి హక్కు కోసం వచ్చింది. గుహ చుట్టూ ఉన్న కొండకీ అదే గొడుగు పట్టింది. గుహ పక్కనే బతికే మనుషులకి హక్కు ఉంటే గుహకీ రక్షణ ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

నేను సిమెంటు వద్దనడం లేదు. మనందరికీ ఇల్లు కావాలి. సున్నపురాయి ఈ రాష్ట్రంలో విస్తారంగా ఉంది. గుహ ఉన్నచోటు మాత్రం చాలా తక్కువ. ఆ కాస్త చోటునీ, దాని చుట్టూ నీరు దిగే నేలనీ వదిలిపెట్టి మిగతాచోట తవ్వుకోమని అడుగుతున్నాను. పేలుడు అదురుకి రాతి ఊడలు విరుగుతాయి. పగుళ్లు పక్కకి తిరుగుతాయి. నీటి దారి మారుతుంది. అది కూడా బొట్టుకి అడ్డు రావడమే.

ఇప్పుడు మనకి దగ్గరి గుహకి వస్తాను. పల్నాడు జిల్లాలో పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం. కాలయవనుణ్ణి కృష్ణుడు వెంట రప్పించుకుని ముచికుందుడు నిద్రపోతున్న గుహలోకి తెచ్చాడనే కథ మీకు తెలుసు. ఆ గుహ ఇదేనని పల్నాడు వాళ్లు చెప్తారు. తొలి ఏకాదశికి జనం బాగా వస్తారు. మన వైపు నుంచీ వెళ్తారు.

ఆ బిలంలో నీళ్లు ఉన్నాయి. ఆ నీళ్లలో ఒక చిన్న జీవి ఉంది. రొయ్యకి దూరపు చుట్టం. మన నాగార్జున విశ్వవిద్యాలయం ఆచార్యులు వై. రంగారెడ్డి, సిడ్నీలో ఆస్ట్రేలియన్ మ్యూజియంలో పనిచేసిన జార్జ్ విల్సన్ కలిసి 2011లో దాన్ని లోకానికి పరిచయం చేశారు. ఆంధ్రకాయిడిస్ అని పేరు పెట్టారు. మన ఆంధ్ర పేరే. దాని బంధువులు కొన్ని ఎక్కడున్నాయో తెలుసా? ఆస్ట్రేలియాలో. సముద్రం ఈది వచ్చే జీవి కాదది. నేల కింద మంచినీటిలోనే పుట్టి అక్కడే పోతుంది. కోట్ల ఏళ్ల కిందట మన దక్షిణ భారతం, ఆస్ట్రేలియా ఒకే నేలగా ఉండేవి. ఆ నేల విడిపోయినప్పుడు ఆ జీవుల పూర్వీకులూ విడిపోయాయి. రాక్షసబల్లులు పోయాయి. హిమాలయాలు లేచాయి. పల్నాడు రాతి కింద, చీకట్లో ఈ జాతి మాత్రం మిగిలింది.

తొలి ఏకాదశికి వెళ్లేవాళ్లకి నేను చేతులు జోడించి చెప్పేది ఇదే. ఆ నీళ్లలో సబ్బు, షాంపూ వాడకండి. పసుపు కుంకాలు, పూలు, నూనె ఆ నీటిలో వెయ్యకండి. కర్పూరం, దీపం బిలం బయట వెలిగించండి. లోపల మసి కప్పుకి పట్టి అక్కడే ఉండిపోతుంది. ప్లాస్టిక్ సీసా మీరు తెస్తే మీరే తీసుకెళ్లండి. దేవుడికి ఏ లోటూ రాదు. బొట్టుకి అడ్డు తొలగుతుంది.

చివరగా మీ ప్రాణం సంగతి. 2018 జూన్ 23న థాయిలాండ్‌లో పన్నెండు మంది కుర్రాళ్లు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ ఒక సున్నపురాతి గుహలోకి వెళ్లారు. వెళ్లేటప్పుడు దారి ఉంది. పైన వాన పడింది. లోపల నీరు నిండి దారి మూసుకుంది. దేశదేశాల ఈతగాళ్లు వచ్చి జూలై 10 నాటికి అందరినీ బయటికి తెచ్చారు. సమన్ కునాన్ అనే మాజీ నౌకాదళ ఈతగాడు మాత్రం ఆ ప్రయత్నంలో చనిపోయాడు. వానాకాలంలో తెలియని గుహలోకి పోవద్దు. ఎండాకాలంలోనూ ఒంటరిగా పోవద్దు. తలుపు పెట్టినచోట తలుపు దాటవద్దు. కొన్ని మూలల్లో గాలి ఆడదు. తల తిరిగినట్టున్నా, ఆయాసం వచ్చినా వెంటనే వెనక్కి వచ్చెయ్యండి. ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి వస్తారో బయట ఒకరికి చెప్పి పోండి.

పల్నాడులోనో నంద్యాల వైపో మీకు పొలం ఉందనుకోండి. బావి తవ్వుతుంటేనో బోరు వేస్తుంటేనో కింద బోలు తగిలిందనుకోండి. పూడ్చెయ్యకండి. లోపలికి దిగకండి. చుట్టూ కంప వేసి, రెవెన్యూ వాళ్లకి చెప్పండి. దగ్గరి కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారికి చెప్పండి. కొలవవలసినవాళ్లు వచ్చి కొలుస్తారు.

బడి పిల్లల్ని బెలుం తీసుకెళ్లే మాస్టార్లు బస్సు ఎక్కకముందే, ఇక్కడే, బోరు నీళ్లు కాచిన గిన్నె ఒకటి తెచ్చి దాని అడుగు చూపించండి. గుహలో చేతులు వెనక్కి కట్టుకుని నడవడం పిల్లలకి అప్పుడు వింతగా అనిపించదు. శీతాకాలం సెలవలు దీనికి మంచి సమయం. తాడిపత్రి నుంచి బెలుం 30 కిలోమీటర్ల దూరం, బస్సులు, ఆటోలు దొరుకుతాయి.